గడ్డిలో కలసి పెరుగు మోరియా జాతి పూలమొక్కలు
వానివలన పశువులకు కలుగు హాని, నివారణోపాయములు

సన్నగా, పొడుగుగా, పచ్చగా నున్న ఆకుగల దెల్ల గడ్డియే యని పశువు తలంచును. పశువును తోలువాడును తఱుచుగా నట్లే తలంచును. గడ్డికుటుంబమునకు చెందకయే గడ్డివలె కనబడు మొక్కలు లోకమున పెక్కు గలవు. చేలలోని తుంగ అట్టిదే. తుంగ పైరునకు శత్రువే గాని, దానిని మేసిన పశువునకు ప్రాణభయము లేదు. అట్లుగాక, మేసిన యెద్దును ఒకటి రెండు దినములలో కూలద్రోయు గడ్డిరూపపు మొక్కలు కొన్ని దక్షిణాఫ్రికా దేశమున పుట్టి, పూలయందముచేత మనుష్యులను మెప్పించి, వారి చేతులమీదుగానే ఆస్ట్రేలియాకు చేరి, అచ్చటి మేతభూముల నాక్రమించినవి. వీనిని వృక్షశాస్త్రజ్ఞులు మోరియా యను జాతిలో చేర్చిరి.

ఈ కరపత్రమున వ్రాయబడు విషమొక్కలు తెలుగుదేశపు పొలములకు సంబంధించినవి కావు. అయినను వీని వృత్తాంతము పశువులును బీడును గల పట్టాదారు లందఱును చదువదగినది. ఏలయన ఆకలిగొన్న పశువు, ఎఱుగని బీడు, తొందరపడు యజమాని, ఈ మూడును ఒకచోట కూడినప్పుడు మొక్కపేరు ఏదైనను జరుగునది యొక్కటే. లేత జొన్నపైరునో, వర్షము లేక వాడిన జొన్నపిలకలనో మేసి పశువులు చచ్చిన సంగతి నెఱిగిన రైతులకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు.

కుటుంబము, లక్షణములు

మోరియా జాతి ఐరిస్ కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమున 2,000కు పైగా మొక్కలు గలవు. వానిలో మన ఇండ్లలో పేరు వినబడునది కుంకుమపువ్వు మాత్రమే. కాశ్మీరమున పాంపూరు చుట్టుపట్ల సేద్యము చేయబడు ఆ మొక్కకును సన్నని గడ్డివంటి ఆకులే యుండును. పూవు నడుమనుండు మూడు ఎఱ్ఱని కీలాగ్రములను త్రుంచి యెండబెట్టినచో అంగడిలో అమ్ము కుంకుమపువ్వగును. ఈ కుటుంబపు పూలకు సాధారణముగా ఆఱు రేకులును, మూడు కేసరములును ఉండును. కాయ మూడు అఱలుగా నుండును. కావున పూచియున్న కాలమున ఈ మొక్కలను గడ్డి యని భ్రమపడుటకు వీలులేదు. గడ్డిపూవునకు రేకులు లేవు గదా. కష్టమెల్ల పూయక ముందే.

ఈ కుటుంబములోనే సిసిరింకియము అను నింకొక జాతి యున్నది. దానికి అమెరికాఖండము పుట్టిల్లు. అచ్చటివారు దానిని నీలికంటిగడ్డి యందురు. జానెడు మూరెడు ఎత్తున గడ్డిలో కలసి పెరుగును. పూలు చిన్నవి, చాలవఱకు నీలివి, నడుమ పసుపుపచ్చని చుక్క యుండును. ఎండ కాసినప్పుడు విచ్చి, మబ్బు పట్టినను ప్రొద్దు వాలినను ముడుచుకొనును. ఒక్కొక్క పూవు ఒక్క దినమే నిలుచును. దుంప లేదు, పీచువేళ్లే. కాడ గుండ్రముగా నుండక, ఇరుప్రక్కల అంచులు తీర్చి బద్దవలె చదునుగా నుండును. బెర్ముడా దీవులవారు ఈ జాతిలో నొకదానిని తమ దేశపు పుష్పముగా నెంచుకొనిరి. ఈ జాతికి లిన్నేయసు పండితుడు 1753వ సంవత్సరమున పేరుపెట్టెను. కాని ఆ పేరు ప్రాచీన గ్రీకులు మధ్యధరా సముద్రతీరమున పెరుగు వేఱొక దుంపమొక్కకు వాడినది. ఆ అసలు మొక్క నేడు మోరియా జాతిలోనే చేరియున్నది. పేరు ఒక యింటికిని, మొక్క మఱియొక యింటికిని పోయినదన్నమాట.

ఐరిస్ కుటుంబములో పెక్కు మొక్కల ఆకులను రైతు గుర్తింపవచ్చును. ఆ యాకులు కత్తియలుగువలె అంచును కాడవైపునకు త్రిప్పి నిలిచి, విసనకఱ్ఱ మడతలవలె ఒకదాని నొకటి మొదట కౌగిలించుకొని యుండును. సిసిరింకియపు ఆకులును అట్లే. మోరియా ఆకు అట్లుండదు. దానికి గడ్డియాకునకువలె పైభాగము వేఱు, క్రిందిభాగము వేఱు. నడుమ దోనెవలె కొంచెము లోతుగా నుండి, పొడుగు పెరిగి నేలమీద వ్రాలును. కావున తన కుటుంబములో నిది తక్కినవానికంటె గడ్డిని ఎక్కువగా పోలి, మోసమునకు తావిచ్చుచున్నది.

మోరియా పేరు, ఊరు

ఇంగ్లండు దేశపు తోటమాలి ఫిలిప్ మిల్లరు 1758లో, ష్రూస్‌బరీ వాసియగు రాబర్టు మోర్ అను వృక్షశాస్త్రాభిమాని పేర ఈ జాతికి నామకరణము చేసెను. తరువాత లిన్నేయసు ఆ పేరున ఒక యక్షరము మార్చి మోరియా యని వ్రాసెను. ఆయన భార్య పుట్టింటిపేరును మోరియాయే. జాతిలో సుమారు 200 రకములు గలవు. అందు హెచ్చుభాగము దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున చలికాలపు వానలకు మొలచునవి. పూర్వము హోమేరియా యని ప్రత్యేకజాతిగా నెంచబడిన మొక్కలను 1998లో శాస్త్రజ్ఞులు మోరియాలో కలిపివేసిరి. విషమునకు పేరుపడినవానిలో పెక్కు ఆ హోమేరియాలే. పాత పుస్తకములు చదువువారు రెండు పేర్లును ఒకటే యని తెలిసికొనవలెను.

కేప్ ప్రాంతమున కాపురమేర్పరచుకొనిన డచ్చివారు ఈ మొక్కలను తుల్ప్ అనిరి. తమ దేశపు టులిప్ పూవును పోలియుండుటయే కారణము. ఆ పేరే నిలిచిపోయినది. నీలిపూల తుల్ప్, పచ్చపూల తుల్ప్ అని రైతులలో వ్యవహారము. 1860 మొదలుకొని మద్రాసు రేవునుండి తెలుగువారు కూలిపనికై పోయిన నేటాలు ప్రాంతపు పచ్చికలలోను ఈ జాతి మొక్క యొకటి, పెద్ద పచ్చపూలు గలది, పెరుగుచున్నది.

జాతి యంతయు విషమని యెంచరాదు. కేప్ ప్రాంతపు ఖోయ్‌ఖోయ్ జనులు ఇందలి యొక రకపు దుంపలను త్రవ్వి ఉడికించి తినువారు. ఆ రకము పేరు ఫ్యూగాక్స్. దాని దుంపను స్థానికభాషలో చిన్న ఉల్లి యను నర్థమిచ్చు మాటతో పిలుతురు. ఒకే జాతిలో నొకటి కూడు, ఇంకొకటి కాటు. ఆకు చూచి రెంటిని వేఱుపఱచుట పెరిగి పెద్దయైన వారికే చేతనైనది. అచ్చటి నేల లోపల బొఱియలు చేసికొని బ్రదుకు ఒక విధమైన పందికొక్కువంటి జంతువులు విషపు తుల్ప్ దుంపలను సైతము తిని, కొన్నింటిని బొఱియలలో దాచుకొనును. వానికి విషము తగులదు.

విషము పనిచేయు విధము

మొక్కలోని విషము గుండెను పట్టునది. తెలుగుదేశపు కొండలలోను బీళ్లలోను మొలచు నక్కవుల్లిగడ్డలో నుండు విషమును ఈ తెగదే. గన్నేరాకులోని విషము దానికి దాయాది. నక్కవుల్లి గాని గన్నేరు గాని ఐరిస్ కుటుంబమునకు చెందినవి కావు. సంబంధము విషమునందే గాని వంశమునందు గాదు. గుండె కండరములలో ఉప్పులను లోపలికిని వెలుపలికిని తోడుచుండు ఏర్పాటొకటి గలదు. ఈ విషము ఆ తోడుపనిని ఆపివేయును. అందుచే గుండె మొదట బలముగా కొట్టుకొని, తరువాత తాళము తప్పి, తుదకు నిలిచిపోవును.

విషము ఆకునందును, కాడయందును, పూవునందును, దుంపయందును గలదు. ఎండినంత మాత్రమున నది పోదు. ఈ మాటను రైతులు ప్రత్యేకముగా గమనింపవలెను. పచ్చిమొక్కను పశువు వాసన చూచి విడిచిపెట్టవచ్చును గాని, కోసి ఎండబెట్టి తక్కిన గడ్డితో కట్టగట్టినదానిలో నేఱుకొనుట దానికి సాధ్యము గాదు.

మేసిన కొన్ని గంటలకో, మఱునాటికో గుఱుతులు కనబడును. పశువు మందనుండి వెనుకబడి, తల వ్రేలవైచి, పిలిచినను కదలక నిలుచును. నెమరువేయుట మానును. కడుపు ఉబ్బును. పాఱుడు పట్టును. వెనుకకాళ్లలో బలము తగ్గి, నడచునప్పుడు తూలును. తొందరగా తోలినచో నిలిచినచోటనే కూలి చచ్చుటయు గలదు. గొఱ్ఱెలు, మేకలు, గాడిదలును ఈ విషమునకు లోనగును.

కావున తుల్ప్ మేసినదని అనుమానము కలిగిన పశువును ఇంటికి తోలుకొని పోవుట మొదటి తప్పు. గుండె చెడియున్న పశువునకు నడకయే మృత్యువు. ఉన్నచోటనే నీడ కల్పించి, మంచి మేత అందుబాటున నుంచి, కదలనీయకుండ పశువైద్యుని అచ్చటికే పిలిపింపవలెను. ఔషధముగా నుపయోగపడునట్లు ప్రత్యేకముగా సిద్ధపఱచిన బొగ్గుపొడిని నీటిలో కలిపి గొట్టముతో కడుపులోనికి పోసినచో, అది విషమును తనలోనికి పీల్చుకొని రక్తములో చేరనీయదు. దక్షిణాఫ్రికాలో పెక్కు పశువులు ఈ చికిత్సచే బ్రదికినవి. పొయ్యిలోని బొగ్గు దానికి ప్రతి గాదు. చికిత్స ఎంత త్వరగా జరిగిన నంత మేలు. గుండె తాళము తప్పిన తరువాత బొగ్గు చేయునది తక్కువ.

ఏ పశువు చచ్చును?

ఈ ప్రశ్నయే ఈ విషయములో ముఖ్యమైనది. తుల్ప్ దట్టముగా మొలచిన బీడులోనే పుట్టి పెరిగిన పశువులు ఏండ్ల తరబడి దాని ప్రక్కనే మేయుచుండియు దానిని ముట్టవు. చిన్ననాడు కొంచెము రుచిచూచి, కడుపునొప్పి తెచ్చుకొని, ఆ రుచిని జ్ఞాపకముంచుకొని తరువాత నోరు పెట్టవని పరిశోధకులు చూపిరి. చచ్చునవి క్రొత్త పశువులు. సంతలో కొని తెచ్చినవి, బండ్లలోను రైళ్లలోను ఎక్కించి దూరము తెచ్చినవి, దారిలో నీరును మేతయు లేక దప్పిగొని వచ్చి దిగినవి. తుల్ప్ లేని ప్రాంతమున పెరిగిన వానికి అది విషమని ఎట్లు తెలియును? అందులోను చలికాలము చివర, గడ్డి యంతయు ఎండిపోయినప్పుడు, తుల్ప్ ఒక్కటే పచ్చగా నుండును. ఆకలిగొన్న పశువునకు పచ్చదనమే పిలుపు.

ఎద్దుబండ్లే ప్రయాణసాధనములుగా నున్న కాలమున దక్షిణాఫ్రికాలో బండివారికి ఇది పెద్ద ఆపద. పగలంతయు బండి లాగిన యెద్దులను సాయంకాలము క్రొత్తచోట విప్పి మేతకు విడిచినచో, తెల్లవాఱునప్పటికి కాడి కట్టుటకు ఎద్దు లుండెడివి కావు. బండి నడిదారిలో నిలిచిపోయెడిది.

దీనినుండియే నివారణోపాయమును పుట్టినది. క్రొత్తగా తెచ్చిన పశువును బీటిలోనికి విడుచుటకు ముందు దొడ్డిలో కట్టి, కడుపునిండ ఎండుగడ్డి వేసి, నీరు త్రాగించవలెను. కడుపు నిండిన పశువు ఏఱుకొని మేయును. ఆకలితో నున్నది ఊడ్చి మేయును. మొదటి కొన్ని దినములు కొద్దిసేపు మాత్రమే విడిచి, కాపరి వెంటనుండి, తుల్ప్ దట్టముగా నున్న చోటులను తప్పింపవలెను. ఇటీవలి కాలమున పరిశోధకులు ఇంకొక మార్గమును కనుగొనిరి. పశువునకు ఆ మొక్కను కొలదిగా తినిపించి, వెంటనే వాంతిభావము కలిగించు లిథియము ఉప్పును ఇచ్చినచో, ఆ బాధ ఆ మొక్కవలననే కలిగినదని తలంచి పశువు దానిని మఱల ముట్టదు. పుట్టిపెరిగిన పశువు చిన్ననాడు తానై నేర్చినదానిని క్రొత్తదానికి మనుష్యుడు నేర్పుటయే ఇది. మోతాదు తప్పినచో ప్రమాదము గనుక వైద్యుడు లేక చేయదగిన పని గాదు.

ఆస్ట్రేలియాకు చేరిన విధము

పందొమ్మిదవ శతాబ్దమున ఆస్ట్రేలియాలో కాపురమేర్పరచుకొనిన వారు కేప్ రేవునుండి రెండు రకముల మోరియా దుంపలను తోటల యలంకారమునకై తెచ్చికొనిరి. ఒకటి ఫ్లాసిడా, మఱియొకటి మినియాటా. మొదటిదానికి ఒకే పొడుగాకు, రెండవదానికి సాధారణముగా రెండు. అందుచే వీనిని ఒంటియాకు కేప్ టులిప్ అనియు, రెండాకుల కేప్ టులిప్ అనియు అచ్చటి రైతులు పిలుతురు. పూలు నారింజ కలసిన గులాబివన్నె, నడుమ పసుపు. చూచుటకు కడు ముచ్చటైనవి. తోటల కంచెలు దాటి, బాటలవెంట, వాగులవెంట బయలుదేఱి, పశ్చిమ ఆస్ట్రేలియా, దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా ప్రాంతముల మేతభూములలో నిలద్రొక్కుకొనినవి. అచ్చటి చలికాలపు వానలు కేప్ వానలను పోలియుండుట వీనికి కలిసివచ్చినది.

పశువులు మంచి గడ్డిని మేసి దీనిని విడిచిపెట్టుటచే, మేసినకొలది గడ్డి తగ్గి ఇది పెరుగును. కొన్ని యేండ్లలో బీడంతయు గులాబివన్నె పూలతో నిండును. చూపరులకు పండుగ, యజమానికి నష్టము. ఎకరా భూమి పత్రములలో ఎకరాగానే యుండి, మేతకు అరయెకరముగా మారును. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ మొక్కను చట్టరీత్యా ప్రకటిత కలుపుల పట్టికలో చేర్చిరి. అట్టి పట్టిక కెక్కిన కలుపును అదుపులో నుంచుట భూస్వామి బాధ్యత. ఒకని ఉపేక్షవలన ప్రక్కవాని బీడు చెడునను న్యాయమే దీనికి ఆధారము.

నేలలోని దుంప

ఈ కలుపును తుంగతో పోల్చిన రైతునకు విషయము సులభముగా బోధపడును. పైన ఆకు ఎంత కోసినను లోపలి గడ్డ మఱల మొలచును. కేప్ టులిప్ దుంప చిన్న ఉసిరికాయ అంత. పైన గోధుమవన్నె పీచు వలవలె అల్లుకొని యుండును. మొక్కను లాగినచో ఆకు తెగివచ్చును గాని దుంప రాదు. గడ్డి యగునో కాదో తేల్చుకొనుటకు ఇదే మంచి పరీక్ష. చిన్న గునపముతో త్రవ్వి చూడవలెను. గడ్డికి పీచువేళ్లును, కాడకు కణుపులును ఉండును. ఆకు కాడను విడిచిన చోట సన్నని పొరయో వెండ్రుకలో ఉండును. తుంగకు మూడంచుల కాడ. మోరియాకు పీచువల కప్పిన దుంప.

ఈ దుంప ఏటేట క్రొత్తది. వానలు పడగానే పాత దుంప తనలోని సత్తువనంతయు ఆకునకు పెట్టి, క్రమముగా కరగి, దాని నెత్తిమీద క్రొత్త దుంప ఏర్పడును. పాతది తరిగి, క్రొత్తది ఇంకను గట్టిపడని కొన్ని వారముల కాలము గలదు. మొక్కకు బలహీనమైన దశ అదే. అది పూతకు కొంచెము ముందుగా వచ్చును. అప్పుడు దున్నినచో మొక్కకు తిరిగి మొలచుటకు దాచుకొనినది ఏమియు నుండదు. దానికి ముందు దున్నినచో పాత దుంప మఱల చిగిర్చును. ఆలస్యముగా దున్నినచో క్రొత్త దుంపలను నాగలి పొలమంతట నాటినట్లగును. ఒకే నాగలి, ఒకే పొలము. రెండు వారముల వ్యత్యాసముచే కలుపు చచ్చుటయో, వ్యాపించుటయో జరుగును.

ఒంటియాకు రకము గింజలచేతను దుంపలచేతను వ్యాపించును. రెండాకుల రకము ఆస్ట్రేలియాలో గింజ కట్టుట అరుదు. దానికి బదులు ఆకు మొదళ్లలోను దుంపచుట్టును గింజలంతేసి పిల్లదుంపలను గుత్తులుగా పెట్టును. ఇవి నాగళ్లకును, బండిచక్రములకును, పశువుల గిట్టలకును అంటుకొన్న మట్టితో ఒక చేనినుండి మఱియొక చేనికి పోవును. వరదనీటిలోను కొట్టుకొనిపోవును.

అన్నిటికంటె చిక్కు ఏమనగా, నేలలోని దుంప లన్నియు ఏటేట మొలవవు. కొన్ని మొలచి, కొన్ని నిద్రించి, తరువాతి సంవత్సరములలో మొలచును. ఒక్క యేడు శ్రద్ధగా దున్నిన రైతు మఱుసటి యేట మఱల మొక్కలను చూచి, తన పని వ్యర్థమైనదని తలంచి విడిచిపెట్టినచో, నిజముగానే వ్యర్థమగును. వరుసగా కొన్ని యేండ్లు, సరియైన వారములలో దున్ని పైరు పెట్టుటయు, తరువాత మంచి గడ్డిని ఒత్తుగా పెంచి దీనికి చోటు లేకుండ జేయుటయు అచ్చటివారు అనుసరించు మార్గము. మొక్కలు కొన్నియే యున్నచోట గునపముతో దుంపసహితముగా త్రవ్వి కాల్చివేయుదురు. దున్నుటకు వీలులేని రాతినేలలో గ్లైఫోసేట్ వంటి కలుపుమందులను, తక్కిన గడ్డికి తగులకుండ, గడ్డికంటె పొడుగుగా లేచిన ఆకులకు మాత్రము తుడిచి పూయుదురు. మందు పూసిన తరువాత మొక్క వాడుచుండగా పశువులను ఆ బీటిలోనికి విడువరు. వాడిన మొక్కను పశువులు పచ్చిదానికంటె సులభముగా నోట పెట్టుకొనును. విషము మాత్రము అట్లే యుండును.

ఎండుగడ్డి కొనునప్పుడు

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా రైతులు ఎండుగడ్డి కొనునప్పుడు పాటించు పద్ధతి యొకటి బంచరాయి మేత చాలక గడ్డి కొను రైతులకును ఉపయోగపడును. కట్ట వెల నడుగుటకు ముందు అది ఏ పొలమున కోసినదో అడుగుదురు. వీలైనచో గడ్డి పచ్చగా నిలిచియుండగానే పోయి చేను చూతురు. కోసినదానిలో నయినచో రెండు మూడు కట్టలు విప్పి, వెడల్పైన నార యాకులును, వంకరటింకర కాడలును, సన్నని పొడవాటి కాయలును గలవేమో వెదకుదురు. కనబడినచో ఏఱివేసి మిగిలినది వాడుదమని చూడరు. కట్టలన్నియు విడిచిపెట్టుదురు. తెలియక కొనినదానిని పశువులకు వేయక కాల్చివేయుదురు. ఎరువు గుంటలో వేసినచో కాయలలోని గింజలు ఎరువుతోపాటు పొలమునకు చేరును.